మోహనలో ఇంత దుఃఖమా

మార్కాపురం,
14-2-1937.

మహారాజరాజశ్రీ ఆదినారాయణ బావగారి సముఖమునకు నరసింహులు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరమూ క్షేమము. చెన్నపట్నంలో తమరును క్షేమమని తలచెదను.

ఏడేళ్ళ తర్వాత రాస్తున్న ఉత్తరం కదా అని మర్యాదగా మొదలుపెట్టాను. మూడు వాక్యాలకే చెయ్యి నొప్పి పుట్టింది. ఇక మామూలుగా రాస్తాను, ఏమీ అనుకోకు.

నువ్వు పంపిన గ్రామఫోను ప్లేటు పగలకుండా చేరింది. పెట్టెలోని రంపపు పొట్టంతా వెతికాను, ఒక్క కాగితం ముక్క లేదు. ఏడేళ్ళకి గుర్తొచ్చినవాడికి నాలుగు అక్షరాలు బరువయ్యాయా అని మొదట కోపం వచ్చింది. వినడానికి మాకు గ్రామఫోను కూడా లేదు. పలకల కార్ఖానా గుమాస్తా ఏలీయాని మీ చెల్లెలు నాగరత్నమ్మే అడిగింది. నేను చేలో ఉండగా అతను తన గ్రామఫోను తెచ్చి, దాన్ని నడిపే పద్ధతంతా ఆమెకి నేర్పి వెళ్ళాడట. అప్పటినుంచి ఆ పెట్టె మీద నన్ను చెయ్యి వెయ్యనివ్వదు.

నీ ఫిడేలు విన్నాను బావా. వెనక ఇంకో మూడు ఫిడేళ్ళు, అడుగున గుమ్ముమనే ఆ పెద్ద ఫిడేలు. ఈ కొత్త రకం గోష్ఠి మనవాళ్ళెవరూ ఎరగరు. ఆ సంగతి అటుంచు, ఎంత విలంబకాలం! ఒక్కొక్క స్వరం దిగి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మరీ లేస్తోంది. శ్రుతి కూడా నాలుగు మెట్లు దించావు. తెగేదాకా తీగలు బిగించేవాడివి నువ్వేనా అనుకున్నాను. స్వరాలు చూస్తే మోహన రాగమే. పెళ్ళిపందిట్లో వాయించుకునే మోహనలో ఇంత దుఃఖం ఉంటుందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

మూడోసారి ప్లేటు వేసేసరికి పక్కింటి పోలమ్మ, గొర్రెలవాళ్ళామె, మూత పెట్టిన కుండలో జొన్నసంగటి తీసుకుని గడపలోకొచ్చింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, అందుకని. "ఎవురు పోయినారు నాయనా?" అంది. ఎవరూ పోలేదు, అది పట్నంలో ఉన్న మా అన్న ఫిడేలు అని నాగరత్నమ్మ చెప్పింది. "అయితే ఆయనకేమొచ్చినాదో కనుక్కోండి, అట్ల ఏడుస్తా ఉన్నాడు" అని పోలమ్మ కూర్చుని కళ్ళు తుడుచుకుంది. సంగటి వెనక్కి తీసుకుపోలేదు. బాగుంది.

అంతవరకూ నవ్వుతూనే ఉన్నాను. పాట ఆఖర్న నీ పేరు చెప్పుకున్నావే, ఆ గొంతు వినగానే నవ్వు పోయింది. బావిలోంచి వచ్చినట్టుంది. నలభై రెండేళ్ళకే ఆ ముసలి గొంతు ఏంది బావా? ఒంట్లో బాగాలేదా? అది చెప్పలేకనే ఉత్తరం రాయలేదా? అప్పటినుంచి నాకు ఏ పని మీదా మనసు లేదు.

ఆనాడు బేస్తవారిపేట హరికథలో మనిద్దరం జంటగా వాయిస్తుంటే, అందరి ముందూ ఫిడేలు కమాను ఆపి, వీణ్ణి వెనక ఎవరో తరుముతున్నారు అన్నది నేనే. నీ చేతిలో పాట కుంటిగొర్రెలా నడుస్తుంది అని నువ్వూ అన్నావనుకో. అన్నవాడివి అన్నట్టే ఫిడేలు చంకన పెట్టుకుని రైలెక్కావు. తప్పు నాది. పాట కాలం విషయంలో కాదు సుమా. అందులో నాదే రైటని ఇప్పుడు ప్లేటు మీద నువ్వే ఒప్పుకున్నావు, ఊళ్ళో అందరికీ చెప్పాను. నలుగురిలో అనడం తప్పు. నన్ను క్షమించు.

ఇక్కడికి వచ్చెయ్యి. మార్కాపురం రోడ్డు స్టేషనుకి బండి కట్టుకుని నేనే వస్తాను. ఏడేళ్ళుగా ఒక్క ఫిడేలుతోనే నెట్టుకొస్తున్నాను. జంటకి ఎవరూ దొరకలేదని ఊళ్ళో చెప్తాను. నిజానికి వెతకలేదు.

ఇట్లు,
నీ రాక కోసం బండి ఇరుసుకి అప్పుడే కందెన వేయించినవాడు,
నరసింహులు.

తా.క. ఉత్తరం అంటించబోతుంటే ఏలీయా తన గ్రామఫోను కోసం వచ్చాడు. మన ప్లేటు విని, ఇదేంది ఇట్ల ఈడుస్తా ఉంది అని, పక్కనున్న చిన్న మీటని ముందుకి జరిపాడు. బావా, ప్లేటు లేచి పరుగందుకుంది! అదే పాత తొందర, అదే బిగించిన తీగ. ఆఖర్న పేరు చెప్పింది నిక్షేపంలాంటి నీ గొంతే. నీకు జబ్బూ లేదు, పశ్చాత్తాపమూ లేదు.

ఈ మీట ఎవరు వెనక్కి లాగారని ఇంట్లో కేకలు వేశాను. నేనే అంది నాగరత్నమ్మ. నేను గెలిచానని ఊరంతా తిరిగి చెప్పుకుంటుంటే ఇన్నాళ్ళూ ఊరికే వింది! ఎందుకు లాగావంటే, "బిరబిరా తిరిగితే మా అన్న వచ్చినట్టే వచ్చి పోతా ఉన్నాడు. నిదానంగా తిరిగితే ఇంకాసేపు ఇంట్లో ఉంటాడు గదా" అంది.

ఉత్తరం చించేద్దామని తీశాను. మనసొప్పలేదు. నువ్వు ఒప్పుకున్నావన్న ఒక్క ముక్క కొట్టేసి, మిగతాదంతా అలాగే చదువుకో. గ్రామఫోను ఏలీయా తీసుకుపోయాడు కనుక ఇక నువ్వే రావాలి. నీకు తోచినంత తొందరగా వాయించు, వెనకాల పడి నేనొస్తాను. తిరిగి వెళ్ళడానికి మాత్రం తొందరపడొద్దని మీ చెల్లెలు రాయమంటోంది. నేనూ రాస్తున్నాను.