నా మైకు సెట్టును జప్తు చేయమని మనవి

పట్టణ పోలీసు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా సొంత మైకు సెట్టును సౌండు బాక్సులతో సహా రేపు ఉదయంలోగా జప్తు చేయుట గురించి.

మార్కెట్టు వీధిలో మైకు సెట్లు అద్దెకిచ్చి బతుకుచున్న నేను సవినయంగా మనవి చేసుకొనునది:

1. ఈ మధ్య ప్రభుత్వాలు నిలవడం లేదు. ఒకటి కూలితే సంబరానికీ, ఇంకొకటి ఎక్కితే నిరసనకూ నా సెట్టే పోవును. ఏ ఎండకా గొడుగు పట్టి ఇల్లు గడుపుకొంటిని. అందులో తప్పు కనపడలేదు.

2. కిందటి వారం మతరక్షణ దళం వారు మా కూడలిలో సభ పెట్టిరి. ఉపన్యాసం సగంలో ఫ్యూజు కొట్టేసినది. జనం లేచి, బట్టలు దులుపుకొని ఇళ్ళదారి పట్టిరి. నేను చేతులు కట్టుకొని ఊరుకోవలసినది. కానీ సభ మధ్యలో సెట్టు ఆగిపోయిందన్న మాట మా నాన్న కాలం నుంచీ మాకు లేదు. చటుక్కున రాగితీగ చుట్టి సౌండు తెప్పించితిని. వేదిక మీది నుంచే "శభాష్ మైకన్నా" అన్నారు. సిగ్గు లేకుండా పొంగిపోయాను.

3. ఆ వెంటనే మా పక్క కొట్టు టైలరు పేరు చదివిరి. వాళ్ళ జెండాలు కుట్టగా మిగిలిన ముక్కలతో మిషను నూనె తుడిచి అపచారం చేశాడట. పైగా మతం వేరు. తుడిచిన మాట నిజమే. ఏ టైలరైనా దేనితో తుడుస్తాడండీ? వెళ్ళిపోతున్న జనం వెనక్కి తిరిగారు. కొట్టు తగలబెట్టి, అతని రెండు చేతులూ విరగ్గొట్టారు. అతని కేకలు నాకు వినపడలేదు. బాక్సు పక్కనే ఉన్నాను.

4. ఆసుపత్రికి వెళితే అతని భార్య నన్ను తిట్టలేదు. "మైకు ఆగిపోయింది కదన్నయ్యా, సభ అయిపోయిందనుకుని ఆయన మూసిన కొట్టు మళ్ళీ తెరిచాడు" అంది.

5. రేపు సాయంత్రం దళం వారి సభ ఆ ఆసుపత్రి గేటు ఎదుటనే. నా సెట్టే కావాలన్నారు. పిల్లలు గలవాడిని, కాదనడానికి నోరు రాలేదు. "సరే" అన్నాను. స్టేషనులో చెప్పుకుంటే, "పైన ఎవరుంటారో మాకే తెలీదు, ప్రభుత్వం ఏదో తేలనీవయ్యా" అన్నారు. అది తేలేలోగా టైలరు ఉంటాడో లేదో.

కావున, వద్దనే ధైర్యం లేని నా బదులు తమరే వద్దనవలెను. ఈ ఊళ్ళో అంత సౌండు గల సెట్టు వేరొకటి లేదు. అది లేనిదే వాళ్ళ మాట ముందు వరుస దాటదు. కారణం తమకు తోచినది రాసుకొని, ఈ మనవిని దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మార్కెట్టు వీధి మైకు సెట్టువాడు

తా.క.: సెట్టు నేనే అప్పగించానని దళం వారికి అనుమానం రాకుండా, వచ్చే పోలీసులు నన్ను వీధిలో నలుగురి ముందూ కొట్టి తీసుకుపోవాలి. ఉత్తుత్తిగా వద్దండీ. నిజంగానే కొట్టమనండి.