జగ్గమ్మ వేసిన చుక్కలు

విజయనగరం,
7 జులై 2014.

మహిళా జైలు సూపరింటెండెంటు జగన్నాధం గారికి,

నమస్కారాలు. మీ జైల్లో ఉన్న ఆడవాళ్ళకి ఎనిమిది శనివారాలు బొమ్మలు నేర్పడానికి అనుమతి ఇచ్చినందుకు కృతజ్ఞతలు. నేను యూనివర్సిటీలో చిత్రలేఖనం చదివి, ఇరవై ఏళ్ళుగా ఇక్కడి స్కూల్లో పిల్లలకి ఏనుగు తొండం ఎటు తిప్పాలో చెబుతున్నదాన్ని. పెద్దవాళ్ళకి ఎప్పుడూ నేర్పలేదు. మొన్న మీరు "బొమ్మలు గీస్తే వీళ్ళకి ఏమొస్తుందమ్మా?" అని అడిగితే నీళ్ళు నమిలాను. ఇంటికొచ్చాక కూడా జవాబు దొరకలేదు. అయినా పన్నెండో తారీకు పదింటికల్లా గేటు దగ్గర ఉంటాను.

మీరు చెప్పినట్టే కత్తెర, బ్లేడు, దారం, పిన్నులు తేను. కాగితాలు, సుద్దముక్కలు, నాలుగు సీసాల రంగు తెస్తాను. సీసాలు మీ వాళ్ళు మూత తీసి చూసుకోవచ్చు.

ఇట్లు,
మీ విధేయురాలు,
కె. ప్రిస్కిల్లా

తా.క.: లోపల బ్లేడు కుదరదు కాబట్టి అరవై పెన్సిళ్ళూ ఇంట్లోనే చెక్కాను. మూడు వేళ్ళు తెగాయి. బ్లేడు ప్రమాదకరమని మీరన్నది నిజమే.

*

మహిళా జైలు,
21 జులై 2014.

శ్రీమతి ప్రిస్కిల్లా గారికి,

విషయం: చిత్రలేఖన శిక్షణ ముసుగులో మద్యపానం – సంజాయిషీ కోరుట.

రెండు శనివారాలు గడిచాయి. వార్డరు గున్నమ్మ రోజూ డైరీలో, ఖైదీలు అన్న మాటలు అన్నట్టే రాస్తుంది. మొన్న శనివారం రాసింది ఉన్నదున్నట్టు కింద ఇస్తున్నాను:

"టీచరమ్మ ఎల్లిపోనాక జగ్గమ్మ నాతో అన్నాది: ఒసే గున్నమ్మా, ఇయ్యాల ఇరవయ్యొక్క సుక్కలేసినాను. సెయ్యి వణకనేదు. టీచరమ్మయితే ఏడుకే తేలిపోనాది. సూడు, ఒచ్చే వోరం నలభయ్యొకటి ఏత్తాను."

జగ్గమ్మ నాటుసారా కేసులో శిక్ష అనుభవిస్తున్న మనిషి. ఇరవయ్యొక్క చుక్కలు! శిక్షకురాలు ఏడింటికే తేలిపోయేంత సరుకు ఏ సీసాలో వచ్చిందో మూడు రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలి. పై ఆఫీసుకి ఇప్పటికే నివేదిక పంపాను.

ఇట్లు,
ఎస్. జగన్నాధం

తా.క.: మీ సీసాల్లో ఒకటి నేను స్వయంగా వాసన చూశాను. నా ముక్కు కొన రెండు రోజులుగా ఆకుపచ్చగా ఉంది. దీనికీ విచారణకీ సంబంధం లేదు.

*

విజయనగరం,
23 జులై 2014.

జగన్నాధం గారికి,

నమస్కారం పెట్టకుండా ఉత్తరం మొదలెట్టడం మా ఇంట్లో నేర్పలేదు గనక నమస్కారం.

మా నాన్న ఏసుదానం గారు గజపతినగరంలో బాప్టిస్టు సంఘం పాస్టరు. దగ్గు మందు సీసా మీద రాసినదంతా చదివాక గానీ మమ్మల్ని చెంచాడు తాగనిచ్చేవారు కాదు. ఆయన కూతురు జైలుకి సారా మోసిందట!

జగ్గమ్మ వేసినవి ముగ్గు చుక్కలండీ.

మొదటి శనివారం తామరపువ్వు గీసి చూపించి, మీరూ గీయండన్నాను. ఒక్కరూ పెన్సిలు ముట్టలేదు. "బొమ్మలు నాకేటొస్తాయి తల్లీ? కలమిస్తే ఏలిముద్ర ఏసి ఇచ్చేత్తాను" అంది జగ్గమ్మ. పోనీ చేతికి వచ్చిందేమిటని అడిగితే ముగ్గంది. మా ఇళ్ళలో ముగ్గు వెయ్యరు, నాకు రాదన్నాను. పద్నాలుగు మందీ నన్ను జాలిగా చూశారు. "అయ్యో! మరి మీకు వాకిలెలాగ తెల్లారీదమ్మా?" అని వాళ్ళలో తాతమ్మ అనే ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. అప్పట్నుంచీ టీచరు జగ్గమ్మ, సుద్దముక్క పట్టుకున్న విద్యార్థిని నేను. ఏడు చుక్కలు కలిపేసరికి నా గీత దారి తప్పింది. నేను తేలిపోవడమంటే అదీ.

ఒక మనవి. జగ్గమ్మ నాతో అంది: "నలభయ్యొక్క సుక్కల మెలికల ముగ్గు మాయమ్మ ఏసీది. ఆవిడ పోయి పదేళ్ళయిపోనాది. అది నా సేతిలో ఉన్నాదో పోనాదో ఏసి సూత్తే గానీ తెల్దు." బరాకు గదిలో అంత ముగ్గు పట్టదు. లోపలి ఆవరణలో వేసుకోనివ్వండి. మీరు మొదట్లో అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడ దొరుకుతుందేమో. దొరక్కపోవచ్చు కూడా.

రుజువు కోసం జగ్గమ్మ వేసిన ముగ్గు వేరే కాగితం మీద దించి జతచేస్తున్నాను. కింద కొలత రాశాను.

ఇట్లు,
కె. ప్రిస్కిల్లా
(ఈసారికి విధేయురాలు అని రాయడం లేదు)

తా.క.: పచ్చరంగుకి కొబ్బరినూనె రాయండి. మా ఒకటో తరగతి పిల్లలకి అదే రాస్తాం.

*

మహిళా జైలు,
4 ఆగస్టు 2014.

ప్రిస్కిల్లా గారికి,

సారా అనుమానం వెనక్కి తీసుకున్నాను. పంపిన నివేదిక మాత్రం వెనక్కి రాదు కదా. దాన్ని సరిచేద్దామని మీ ముగ్గు కాగితం పై ఆఫీసుకి పంపాను. మంచి చేద్దామని చేసిన పని అది. కాగితం కింద మీ దస్తూరీతో "21 చుక్కలు, 11 వరకు, సందు చుక్క" అని ఉంది. వారి జవాబు చూడండి:

"21 అనగా ఏ నెల ఇరవయ్యొకటో తేదీ? 11 వరకు అనగా పగలా, రాత్రా? సందు అనగా జైలు వెనుక ఉన్న సందేనా? మెలికలు తిరిగిన గీత ఏయే గోడలను చుట్టి వచ్చుచున్నది? తేలువరకు శిక్షణ రద్దు చేయడమైనది."

సందు చుక్క అంటే రెండు చుక్కల మధ్య ఖాళీలో పెట్టే చుక్క అని ఫోనులో చెప్పాను. "అయితే ఖాళీ ఎక్కడుందో వాళ్ళు కనిపెట్టేశారన్నమాట" అన్నారు. ఆవరణ సంగతి ఎత్తే ధైర్యం నాకు లేకపోయింది. మీరు ఇక రానక్కర్లేదు.

జగ్గమ్మకి చెప్పాను. "ఆరి ఇళ్ళల్లో ఆడోలు నేరేటి బాబూ?" అంది. ఈ మాట నివేదికలో చేర్చలేదు.

ఇట్లు,
ఎస్. జగన్నాధం

తా.క.: మా ఇంటి ముందు ముగ్గు ఎన్ని చుక్కలదో లెక్కపెడదామని వంగి చూశాను. అది స్టిక్కరు. ఓ మూల లేచిపోయింది కూడా.

*

విజయనగరం,
8 ఆగస్టు 2014.

జగన్నాధం గారికి,

నమస్కారాలు. "రద్దు" అన్న మాట చదివి రెండు రోజులు ఊరుకున్నాను. నాకు అనుమానాలు తొందరగా పుడతాయి. వాళ్ళ శనివారాలు నా సరదాకి వాడుకుంటున్నానా అనిపించింది. అన్నీ పోగొట్టుకున్న మనిషికి సుద్దముక్క ఇచ్చి మురిసిపోతున్నానేమో అనీ అనిపించింది. వద్దు, ఊరుకుందామనే అనుకున్నాను. ఊరుకుంటే జగ్గమ్మకి తన చేతి సంగతి ఎప్పటికీ తెలియదు. ఆ ఒక్కటే నన్ను కూర్చోనివ్వడం లేదు.

కాబట్టి ప్రతి శనివారం పదింటికి వస్తాను. లోపలికి రానివ్వకపోతే గేటు బయట ములాఖత్ బెంచీ మీద పన్నెండు దాకా కూర్చుంటాను. బెంచీ మీద కూర్చోకూడదని రూలుంటే కాపీ పంపండి, నించుంటాను. ముగ్గులంటే ఏమిటో నాలుగు పేజీల్లో రాసి పై ఆఫీసుకి రిజిస్టరు పోస్టులో పంపాను. జవాబు రాకపోతే మళ్ళీ రాస్తాను.

మీకు ధైర్యం లేకపోయిందని రాశారు. ఆ మాట ఒప్పుకున్నారు, చాలు. నాకూ పెద్దగా లేదు. మొండితనం ఉంది.

ఇట్లు,
కె. ప్రిస్కిల్లా

తా.క.: చెయ్యి ఆడాలని మా వాకిట్లో పదిహేను చుక్కలు వేస్తుంటే మా సంఘం పెద్ద ఎలీషా గారు చూశారు. "ఏటి పిస్కిల్లా, ఇంట్లో అంతా బాగున్నారా? ప్రార్థన పెట్టించమంటావా?" అన్నారు. రేపు సాయంత్రం ఆరింటికి నా కోసం ప్రార్థన.

*

మహిళా జైలు,
22 ఆగస్టు 2014.

ప్రిస్కిల్లా గారికి,

నమస్కారాలు. నిన్న ఇరవయ్యొకటో తారీకు. మా వెనక సందులో పదకొండింటి వరకు నలుగురిని కాపలా పెట్టించారు. ఒక మేక వచ్చింది. దానికి ఎవరితోనూ సంబంధం లేదని రాసి పంపాను.

పై ఆఫీసువారు అయినా తృప్తి పడలేదు. ఇవాళ వచ్చిన ఆర్డరు: "శిక్షణ శాశ్వతముగా రద్దు. సదరు ఖైదీ సదరు పటమును సూపరింటెండెంటు సమక్షమున గీసి చూపవలెను. బయటి వ్యక్తి ప్రిస్కిల్లా హాజరు కావలెను. విచారణ ముగిసిన పిమ్మట నివేదిక పంపవలెను."

దీన్ని నాలుగుసార్లు చదివాను. ఎప్పటిలోగా ముగించాలో ఎక్కడా లేదు.

మీ శిక్షణకి ఎనిమిది శనివారాలే ఇచ్చాను. విచారణకి గడువు లేదు. నాకు ఆఫీసు పని తక్కువగా ఉండేది శనివారమే గనక విచారణ ప్రతి శనివారం జరుగుతుంది. నలభయ్యొక్క చుక్కలు గదిలో పట్టవు గనక ఆవరణలో జరుగుతుంది. సుద్దముక్కలు, రంగులు సాక్ష్యాధారాలుగా మీరే తేవాలి. జగ్గమ్మ చేతి సంగతి మొదటి వారమే తేలకపోతే రెండో వారం చూద్దాం. తేలినా, ఇంకెన్ని ముగ్గులొచ్చో విచారించకుండా నివేదిక రాయలేను.

మీరు బెంచీ మీద కూర్చున్న రెండు శనివారాలూ కిటికీలోంచి చూశాను. మంచినీళ్ళు పంపుదామనుకుని పంపలేదు. మన్నించాలి.

సహనేరస్థులు ఉంటే వారినీ చేర్చాలి గనక అందర్నీ వరసలో నిలబెట్టి, చుక్కలేసింది ఎవరెవరని అడిగాను. "ఏసినామని ఒప్పుకుంటే శనివోరం రానిత్తారా బాబూ?" అంది జగ్గమ్మ. విచారణకి రాక తప్పదన్నాను. పద్నాలుగు మందీ చేతులెత్తారు. తాతమ్మయితే రెండు చేతులూ ఎత్తింది.

ముప్పయ్యో తారీకు శనివారం ఉదయం పదింటికి హాజరు కాగలరు.

ఇట్లు,
మీ విధేయుడు,
ఎస్. జగన్నాధం

తా.క.: జాబితా మూసేస్తుంటే వార్డరు గున్నమ్మ వచ్చి టేబులు ముందు నిలబడింది. "ఆయేల నానూ ఐదు సుక్కలేసినాను బాబూ. డైరీలో రాయడానికి సిగ్గేసినాది. నా పేరు కూడా రాసుకోండి" అంది. రాసుకున్నాను. మొత్తం పదిహేను మంది.