పిల్లిగద్దలు ఏ పక్కన దిగాయో

2003 జనవరి, గురువారం

సాయంత్రం కొయ్యూరు రోడ్డులో అప్పయ్యమ్మ మెట్టకు వెళ్ళాను. పాక కప్పుకోవడానికి పెంచిన గడ్డిని ఆమె రేపు కోస్తుంది. చలికాలం వచ్చే పిల్లిగద్దలు రాత్రిళ్ళు పడుకునేది ఆ గడ్డిలోనే, నేలమీద. అవి రెండు జాతులని ఆమెకు వివరించాను. ఒక జాతిలో మగదాని రెక్కమీద నల్లచార ఉంటుంది, రెండో జాతి మగదానికి ఉండదు. చార లేనిది నాకు కనిపించేదే తక్కువ. ఆ మాటలోంచి బైనాక్యులర్స్ కొన్న కథలోకి వెళ్ళిపోయాను. చివరికి, గడ్డి కొన్నాళ్ళు ఉంచమన్నాను.

"వానొస్తే మీ గద్దలొచ్చి నా నెత్తిమీద రెక్కలు గొడుగులా పడతాయేటండీ?" అంది. మళ్ళీ తనే, "సరే, సగం ఒగ్గేస్తాను. ఆ సార లేనివి పడుకునే పక్కేదో బేగి సెప్పండి" అంది.

నేను కథ చెబుతుండగానే గద్దలన్నీ దిగిపోయాయి. గడ్డిలో రెక్కలు ముడుచుకుని కూర్చుంటే, రెండు జాతులూ ఒకటే.

"తూర్పు పక్క" అన్నాను, అన్నీ తెలిసినవాడిలా.

ఆమె అక్కడ కర్ర పాతి గుర్తు పెట్టింది. తెల్లారగానే పడమటి పక్క కోత మొదలుపెడుతుంది. ఈలోగా వెళ్ళి, నాకు తెలియదని చెప్పాలి. చెబితే మొత్తం కోసేస్తుందేమో...