మస్తాన్ గారి రన్‌వే

జగ్గయ్యపేట, మంగళవారం

కంప్యూటర్‌లో విమానం నడిపే ఆటకు చెవిటికల్లు పొలాల్లో ఒక రన్‌వే తయారుచేసి, కావలసినవాళ్లు తీసుకునేలా నెట్‌లో పెట్టాను. నందిగామలో ఆటో నడిపే మస్తాన్ గారు ముచ్చటపడి పెట్టించుకున్నారు. కృష్ణా నది మీదుగా వచ్చి దిగబోతే, నేల తాకకముందే విమానం పగిలిపోతోందని మూడుసార్లు ఫోన్ చేశారు. ఫైలు తెరిచి చూడకుండానే, "మీ చేతులు వణుకుతున్నాయేమోనండి" అన్నాను.

ఈరోజు ఇంకొకాయన కూడా అదే ఫిర్యాదు రాస్తే, అప్పుడు తెరిచాను. రన్‌వే ఎత్తు మీటర్లలో వేయాల్సిన చోట అడుగుల అంకె వేశాను. కనిపించే నేలకు పైన కనిపించని నేల ఒకటి తయారైంది. విమానం దాన్నే గుద్దుకుంటోంది. సరిచేయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

వెంటనే మస్తాన్ గారికి ఫోన్ చేశాను.

"ఇంకెందుకు బాబూ, జాయ్‌స్టిక్ మా బావమరిదికిచ్చేశా. నువ్వన్నాక చూసుకున్నా, టీ గ్లాసు పట్టుకున్నా వణుకుతున్నట్టే ఉంది. ఆటో కూడా వాడికే అప్పజెప్పా. బడిపిల్లల్ని ఎక్కించుకునే బండి కదా. గాల్లో గుద్దితే నవ్వుకుంటాం, రోడ్డు మీదయితే?"

తప్పు నాదేనని అప్పుడే చెప్పాల్సింది. "కొత్త ఫైలు పంపిస్తానండి" అన్నాను.

"పంపు, మా బావమరిది ఆడుకుంటాడు" అని పెట్టేశారు.

పంపాను. ఏం మారిందో రాసే చోట "చిన్న సవరణ" అని రాశాను.