షోరూమ్ పార్టు

నవంబర్ 6, గురువారం. నంద్యాల.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాను. ఎడమ కాలర్ బోన్ విరిగింది. రాసే చెయ్యి బాగానే ఉంది.

ఆదివారం చెన్నై రేసు ట్రాక్ మీద జరిగింది రాసుకోవాలి, ఎవరైనా నా జ్ఞాపకాన్ని మార్చకముందే. కుడివైపు మలుపు. బ్రేక్ సరైన చోటే వేశాను. స్టీరింగ్ తిప్పగానే కింద ‘టక్’మంది. ముందు ఎడమ చక్రం లోపలికి మడుచుకుపోయింది. స్టీరింగ్ తిరుగుతోంది, కారు తిరగడం లేదు. తర్వాత, ట్రాక్ అంచున పేర్చిన టైర్ల గోడ.

అంతకుముందు ల్యాపుల్లోనూ ఆ శబ్దం విన్నాను. రేడియోలో మా టీమ్ ఇంజనీర్ శేఖర్ అన్నకు చెప్పాను కూడా.

కారు కంపెనీ ప్రకటన ఇచ్చింది: డ్రైవర్ సిరి పొరపాటు వల్లే కారు అదుపు తప్పింది.

నాయన అది ఫోన్‌లో చదివాడు. వంటింట్లోకి పోయి గంజి తెచ్చాడు.

నవంబర్ 8, శనివారం.

షోరూమ్ మేనేజర్ వినీత్ వచ్చాడు, యాపిల్ పండ్లతో. శ్రీనివాస సెంటర్‌లో కట్టిన నా ఫొటో ఇంకా దించలేదట. ‘ట్రాక్ మీద గెలిచిందే మీ ఇంటికి వస్తుంది’ అన్న పెద్ద బ్యానర్. నేను నడిపే కారు పేరు ఝరి. నాయన కొన్నదీ ఝరే.

వచ్చే శనివారం ఆళ్లగడ్డలో ఫంక్షన్ ఉంది. బుక్ చేసుకున్నవాళ్లకు కొత్త కార్ల తాళాలు నా చేత్తో ఇప్పించాలట. చేతికి కట్టు ఉంటే ఇంకా మంచిదేనని నవ్వాడు. ఇంత పెద్ద యాక్సిడెంట్‌లోనూ మనిషి బతికిందంటే బండి గట్టిదనేగా, అన్నాడు.

వాడు చెడ్డవాడు కాదు. స్కూల్లో నా క్లాస్‌మేట్. అమ్మడం వాడి పని.

అమ్మ అడిగింది, అసలు ఇండ్లల్లో తిరిగే కారుతో రేసులేందని. రేసు కోసమే తయారుచేసే కార్లు వేరే ఉంటాయని చెప్పాను. వాటిని జనం వింతగా చూస్తారు, ఇంటికి పోతారు. మా క్లాస్‌లో కారు షోరూమ్‌లో అమ్మినట్టే ఉండాలి. లోపల ఇనుప పంజరం, సీటు, టైర్లు, ఇలాంటివి కొన్నే మార్చుకోవచ్చు. ఇంజన్, బాడీ, చక్రాలను పట్టుకునే కీళ్లు, అన్నీ అవే. అది గెలిస్తే ఇంటి ముందున్న కారు కూడా గెలిచినట్టే. అందుకే కంపెనీలు దిగుతాయి. ఇంకో కారణం కూడా ఉంది: రోడ్డు మీద ఏళ్ల తర్వాత అరిగేది ట్రాక్ మీద ఒక్క గంటలో బయటపడుతుంది. ఇంజనీర్లు అది చూసి సరిచేస్తారు.

నేను ఈ రెండో కారణాన్ని నమ్మి ఈ పనిలోకి వచ్చాను.

నవంబర్ 9, ఆదివారం, సాయంత్రం.

చర్చి నుంచి వచ్చేసరికి గేటు దగ్గర ఒకామె ఉంది, పేరు రమాదేవి అట. ఊరు ఆళ్లగడ్డ. వాళ్లది విగ్రహాలు చెక్కే ఇల్లు. పోయిన ఏడాది నా రేసు టీవీలో చూసి ఝరి కొన్నదట, తనే నడుపుతుంది. నన్ను పలకరించడానికే అంత దూరం వచ్చింది. జామకాయలు తెచ్చింది. చాలాసేపు కూర్చుంది.

పోయేటప్పుడు వీధిలో కారు తిప్పుకోవడానికి స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పింది.

టక్.

నా భుజం దానంతటదే బిగుసుకుంది. ఇంకోసారి తిప్పమన్నాను. టక్.

ఈ కారు ఇక్కడే వదిలిపెట్టి బస్సుకు పోమన్నాను. “ఏందక్కా, ఇంత చిన్న సప్పుడుకా? రేప్పొద్దున పిల్లోల్లని స్కూల్లో దింపల్ల నేను.” వయసులో నాకన్నా పెద్దది, అయినా నన్ను అక్కా అంటుంది. కారణం చెప్పలేకపోయాను, నాకే తెలియదు కాబట్టి. బతిమాలాను. చివరికి తాళాలు నాయన చేతిలో పెట్టి, ముఖం ముడుచుకుని బస్సెక్కింది.

నవంబర్ 10, సోమవారం.

ఈ రోజును వరుసగా రాయాలి.

పొద్దున రమాదేవి కారును టోచన్ కట్టించి, మెల్లగా లాగించుకుంటూ మెకానిక్ పుల్లయ్య షెడ్డుకు తీసుకుపోయాను. పైకి లేపి ముందు ఎడమ చక్రాన్ని పట్టుకుని కదిపితే పాలపన్నులా ఊగింది. చక్రాన్ని బండికి పట్టి ఉంచే బాల్ జాయింట్ వదులైపోయింది. కొని ఏడాదే. ఫొటో తీసి శేఖర్ అన్నకు పంపాను.

వెంటనే ఫోన్ చేశాడు. హలో కూడా అనలేదు. బండి ఎవరిది, యాడుంది అని అడిగాడు. తర్వాత చెప్పాడు. రేసు కారులో విరిగిందీ ఈ జాయింటే. లోపల ఇనుము సరిగ్గా గట్టిపడలేదు. పోయిన ఏడాది నుంచి తయారైన ఝరి కార్లన్నింటికీ అదే. పైవాళ్లకు రేసు మర్నాడే చెప్పాడు. సీజన్ ముగిసేదాకా నోరు మెదపొద్దన్నారు. “రేసు కోసం చేసిన పార్టయితే ఆ రోజే చెప్పేటోల్లు సిరీ. ఇది షోరూమ్ పార్టు. అది విరిగిందంటే అందరి కార్లలోనూ విరిగినట్టే.”

మా ఇంటి ఝరికి ఏ శబ్దమూ లేదన్నాను. శబ్దం రాకుండా కూడా ఊడొచ్చన్నాడు.

ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఎత్తింది. నాయన పొద్దున్నే కారు తీసుకుని ఆళ్లగడ్డకు పోయాడట. పాపం ఆమె కారు మనమే ఆపేసుకున్నాం, ఆమె పిల్లల్ని స్కూల్లో దింపి వస్తానని.

నాయన ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. కారు నడిపేటప్పుడు ఫోన్ ముట్టుకోవద్దని చెప్పింది నేనే. రమాదేవికి చేస్తే స్విచాఫ్.

ఆళ్లగడ్డ మీదుగా పోయే కడప బస్సెక్కాను. కిటికీ పక్కన నిలబడి రోడ్డు పక్క ప్రతి గుంతనూ చూస్తూ పోయాను. కండక్టర్ కూర్చోమంటాడు, నేను కూర్చోను. హైవే మీద అందరూ ఎంత వేగంగా పోతున్నారో ఈరోజే చూసినట్టు ఉంది. శిరివెళ్ల దాటాక జనం గుమిగూడి ఉన్నారు. తెల్ల కారు, మూతి చెట్టుకు ఆని. మాది తెలుపే. బస్సు ఆపమని అరిచాను. దిగాక గాని అది వేరే కంపెనీ కారని తెలియలేదు. అందులోని మనిషి గట్టు మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. నా బస్సు వెళ్లిపోయింది. ఒక ఆటో అతను చెయ్యి పట్టుకుని ఎక్కించాడు.

ఆళ్లగడ్డలో రమాదేవి వాళ్ల పని చోటు. ఇంకా ముఖాలు రాని రాళ్ల మధ్య స్టూలు మీద కూర్చుని నాయన టీ తాగుతున్నాడు. ఒళ్లంతా రాతి పొడి. పిల్లల్ని దింపి కూడా వచ్చాడట.

నన్ను చూసి లేచాడు. “ఏందమ్మా, ఈ చేత్తో బస్సులో వచ్చినావా? ఎవరికేమైంది?”

ముందు మా కారు తాళాలు అడిగి తీసుకున్నాను. తర్వాత ఇద్దరికీ అంతా చెప్పాను. రమాదేవి ఒక్క ప్రశ్నే అడిగింది. “శనివారం మా చిన్నాయన గూడ బండి తీసుకుంటాండాడు. తాళం ఇచ్చేది నువ్వేనంట. ఇస్తావా?”

నవంబర్ 12, బుధవారం.

కంపెనీ లాయర్ ఫోన్. చాలా మర్యాదగా మాట్లాడాడు. కారు గురించి బయట మాట్లాడనని కాంట్రాక్టులో సంతకం పెట్టానని గుర్తుచేశాడు. చేయి త్వరగా నయం కావాలని కోరుకున్నాడు.

నవంబర్ 14, శుక్రవారం.

వినీత్‌కు చెప్పేశాను. రేపు స్టేజీ మీద తెలిసేకంటే ఇదే న్యాయం. వాడు నమ్మలేదు. పుల్లయ్య షెడ్డుకు తీసుకుపోయి చక్రం పట్టుకోమన్నాను. పట్టుకుని కదిపాడు. మళ్లీ కదిపాడు. వాళ్లావిడకు ఏడో నెల, ఇప్పుడు ఉద్యోగం పోతే ఎట్లా అన్నాడు. ఫంక్షన్ ఆపడం వాడి చేతుల్లో లేదు. నన్ను రావద్దని మాత్రం అనలేదు.

నాయనను అడిగాను, ఏం చేయమంటావని. “రేసుల్లోకి పోతానన్న పొద్దు నన్ను అడిగినావా?” అన్నాడు. కోపం లేదు.

నవంబర్ 15, శనివారం.

కొత్త కార్లకు పూలదండలు. అన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. మైకు ఇచ్చారు. మొదటి తాళం రమాదేవి చిన్నాయన సుబ్బరాయుడిది. ఆయన కొత్త పంచె కట్టుకుని వచ్చాడు.

తాళం తీసుకున్నాను. తిరిగి టేబుల్ మీదే పెట్టాను. ఇవ్వలేనన్నాను. ఎందుకో చెప్పాను, జాయింట్ పేరుతో సహా. మొదట ఎవరికీ అర్థం కాలేదు, తర్వాత అందరికీ ఒకేసారి అర్థమైంది. సుబ్బరాయుడు కోపంగా అడిగాడు, “మరి ఆ బండేసుకుని నువ్వు రేసులెందుకు చేస్తాండావ్?”

విరిగేదేదైనా ఉంటే ట్రాక్ మీద నా కింద విరగాలని, మీ పిల్లలు ఎక్కినప్పుడు కాదని చెప్పాను. విరిగిన సంగతి మీకు చెప్పకపోతే నేను రేసు చేసీ దండగన్నాను.

కంపెనీ మనిషి మైకు లాక్కున్నాడు. అప్పుడు వినీత్ లేచాడు. టేబుల్ మీది తాళాలన్నీ ఒక్కొక్కటే ఏరి జేబులో వేసుకున్నాడు. “జాయింట్లు మార్చినంకనే బండ్లిస్తాం అన్నా. అంతవరకు ఎవరికీ ఇయ్యను,” అన్నాడు. మైకు లేకుండానే. వెనక వరుస దాకా వినపడింది.

నవంబర్ 17, సోమవారం.

టీమ్ నుంచి తీసేశారు. మెయిల్‌లో రెండు లైన్లు. కేసు వేస్తారట.

ఆళ్లగడ్డ వీడియో అందరి ఫోన్లలోనూ ఉంది. కొందరు నన్ను తిడుతున్నారు, రేసు ఓడిపోయిన ఏడుపని. రోజంతా పడుకున్నాను.

నవంబర్ 25, మంగళవారం.

కంపెనీ నోటీసు వచ్చింది. పోయిన ఏడాది నుంచి తయారైన ఝరి కార్లన్నీ వెనక్కి తెస్తే జాయింట్లు ఉచితంగా మారుస్తారు. మార్చేదాకా నడపవద్దు. రేసు మాట గాని నా మాట గాని అందులో లేదు. శేఖర్ అన్న రాజీనామా చేశాడు. వినీత్‌ను తీసేయలేదు. జాయింట్లు మార్చే పనంతా వాడి నెత్తిన పెట్టారు.

కేసు గురించి ఇంకా ఏమీ తెలియదు. మళ్లీ ఎవరైనా నాకు కారు ఇస్తారో లేదో తెలియదు. మధ్యాహ్నం బాగా ఏడ్చాను.

నవంబర్ 30, ఆదివారం.

పొద్దున గేటు ముందు రెండు ఆటోలు, ఒక ట్రాక్టరు, బేతంచెర్ల నుంచి నాపరాళ్ల లోడుతో ఒక లారీ. “వీడియోలో సూసినాం పాపా, మాది గూడ ఒకసారి ఇని సెప్పు.” లారీ మెట్టు అందలేదు. డ్రైవరు లోడులోంచి ఒక నాపబండను దించి మెట్టు కింద వేశాడు. ఎక్కాను.