సుద్ద గీతలు

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ నీ మరిది, పాప కులాసా. బావగారి మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం.

"ఇన్నేళ్ళుగా ఆ రక్తపు చుక్కల్లో ఏం వెతుకుతున్నావే, ఇంకా దొరకలేదా?" అని అడిగావు. నీ కుట్టుపని భాషలోనే చెబుతాను. మన ఒంట్లో కణాలన్నిటికీ గుడ్డ ఒకటే. ఎక్కడ కత్తిరించాలో, ఎక్కడ వదిలేయాలో చెప్పేవి దాని మీది సుద్ద గీతలు. రక్త క్యాన్సర్‌లో గుడ్డ చిరగడమే కాదు, గీతలూ తప్పుతాయి. చిరుగు అతకడం కష్టం. సుద్దయితే దులిపేయొచ్చు. నా ఉద్యోగమంతా ఆ దులపడం గురించే.

మొదట్లో "గాలిలో మేడలు కట్టకమ్మా" అన్న మా పెద్ద డాక్టరే ఇప్పుడు మా మందు రాస్తున్నారు. మొన్న, ఈ సుద్ద కథే చెప్పి మందు ఇచ్చిన ఒక బస్సు డ్రైవరు వార్డు నుంచి ఇంటికెళ్తూ, "మేడమ్, సుద్ద బాగానే దులిపారు" అన్నాడు. ఏమీ తినకుండానే కడుపు నిండింది.

డైరెక్టరు కుర్చీ వద్దన్నానని తిట్టావు. అందులో కూర్చుంటే సంతకాలే తప్ప గాజు గొట్టం ముట్టనివ్వరు. ఇప్పుడు నేను ల్యాబులో నా బల్ల దగ్గర ఉండి తీరాలి.

పైన నా క్షేమం రాయలేదు, చూశావా? రోగుల రక్తంతో పోల్చడానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలి. బయటివాళ్ళను బతిమాలడం ఎందుకని మేమే చేతులు చాపుతాం. ఆ వరుసలో ఎప్పుడూ నా గొట్టమే ముందు. ఈసారి అందులో గీతలు తేడాగా కనిపించాయి. "గొట్టాలు తారుమారయ్యాయి మేడమ్" అంది మా అసిస్టెంటు. మళ్ళీ రక్తం తీసి చూశాం. తారుమారు కాలేదు. అది నాదే.

ఇది జబ్బు కాదక్కా. రేపు కావచ్చు, కాకపోనూవచ్చు. చాలా భయమేసింది. బాత్రూంలో కుళాయి తిప్పి మరీ ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, నా గొట్టాన్ని ఆ వరుసలోంచి తీసి, కనిపెట్టి చూడాల్సిన వాటిలో పెట్టాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా రానివ్వను. నీ మరిదికి చెబితే, "ముందు మీ అక్కకు రాయి" అన్నారు.

ఇప్పుడా వరుసలో ఒక ఖాళీ ఉంది. ఎప్పుడైనా నాకు ఎముక మూలుగ మార్చాల్సి వస్తే, సరిపడేది తోబుట్టువుదే కావచ్చు. ఆ ఖాళీ నింపడానికీ, నీ మూలుగ నాకు సరిపడుతుందో లేదో చూడడానికీ నీ రక్తం కావాలి. పొద్దస్తమానం సూదితో బతికే నువ్వు డాక్టరు చేతిలో సూది చూస్తే కళ్ళు తిరిగి పడతావని తెలుసు. అయినా రా. నేనే గుచ్చుతాను, ఒక్కసారే. చిన్నప్పుడు గౌను నా ఒంటి మీదే సరిచేస్తూ నువ్వెన్నిసార్లు గుచ్చావో లెక్కే లేదు. "కదలకే, అయిపోయింది" అనేదానివి. ఈసారి ఆ మాట నేనంటాను.

ఇట్లు,
నీ చెల్లెలు