మూడు కార్లూ బుద్ధిగా నడిచాయని రాశాను

తమ్ముడూ,

ఆశీర్వాదంతో మొదలుపెట్టాలి, ఇవాళ చెయ్యి రావడం లేదు. ఎదురుగా నిలబడితే తిట్టేస్తాను. అందుకే రాసి నీ కౌంటరు మీద పెడుతున్నాను.

నీ కారు రేసు ఆటల హాల్లో చివరి సీటులో కూర్చుని, తెర మీద ఏ కారు ఎలా నడుస్తుందో పోల్చి రాయమన్నది నువ్వే. మూడు నెలలు నడిపి రాశాను. ఇంజను ముందున్నదీ, వెనకున్నదీ, రెక్కల ఫార్ములా కారూ మూడూ మలుపులో బుద్ధిగా తిరుగుతాయన్నాను. నిన్న దాన్ని అందరికీ గట్టిగా చదివి, "మా అక్కకి అన్నీ ఆవుల్లాగే కనిపిస్తాయిరా!" అన్నావు. పగలబడి నవ్వారు. నవ్వని ఇద్దరు నా మాట నమ్మి, ఆదివారం పోటీకి వెనక ఇంజను కారు ఎంచుకున్నారు.

ఇవాళ మెషీన్లు బాగుచేసే ఆయన చెప్పాడు. "మీ సీటుకి కారు జారకుండా పట్టుకునే సాయం పెట్టి ఉందమ్మా. మీరు భయపడతారని సారే పెట్టమన్నారు."

నిన్ను చంకనేసుకుని పెంచినదాన్ని, నాకు భయమా?

అది తీయించి నడిపాను. వెనక ఇంజనుది మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదలగానే గిర్రున తిరిగి గోడకి కొట్టింది. ముందు ఇంజనుది ఎంత తిప్పినా మొండిగా తిన్నగా పోయింది. రెక్కలది వేగంలోనే రోడ్డుని పట్టుకుంటుంది, నెమ్మదిస్తే సబ్బు మీద కాలే. పదకొండుసార్లు గుద్దాను. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నా నోట అబద్ధం రానీయకని రోజూ దేవుణ్ణి వేడుకునేదాన్ని. నాచేత మూడు నెలలు అబద్ధం రాయించావు!

కొత్తగా రాసింది దీంతోనే ఉంది. రేపు అందరిముందూ చదువు. "తప్పు నాదే" అని నీ నోటితో చెప్పు. లేదంటే నీ గుమ్మం తొక్కను.

నీ అక్క

*

తమ్ముడూ,

చదివావట. తప్పు మాట మాత్రం మింగేశావట.

నా సంచీ కోసం వచ్చాను, నువ్వు లేవు. నీ సీటు తెర వెలుగుతోంది. చూశాను. నీకూ అదే సాయం పెట్టి ఉంది, నాకు పెట్టినదానికి రెట్టింపు! రెండేళ్ళుగా ఊరందరికీ పాఠాలు చెబుతున్నావే, సిగ్గు లేదట్రా?

తీసేశాను. దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆదివారం పోటీలో నువ్వూ నడుపుతావుగా, మొదటి మలుపులో నీ కారే అందరికీ చెబుతుంది. అంతకుముందే నువ్వు చెప్పుకో. శనివారం పొద్దున్నే నా సీటు దగ్గరికి రా, నేర్పిస్తాను.

గోడకి గుద్దితే నవ్వనులే.

నీ అక్క